మూడు రాత్రుల స్కీకి మ్యూరెన్‌ను ఎంచుకున్న తీరు

గురువారం సాయంత్రం బాసెల్‌లో రైలెక్కి ఆదివారం రాత్రికి ఇల్లు చేరాలంటే, స్కీ మీద గడిపేది రెండున్నర రోజులే. అందుకే స్విట్జర్లాండ్‌లో స్కీ ఊరు వెతికేటప్పుడు పిస్ట్‌లు, అంటే స్కీ దారులు, ఎన్ని కిలోమీటర్లున్నాయో నేను చూడలేదు. రెండున్నర రోజుల్లో 50 కిలోమీటర్ల పిస్ట్‌లే చాలినన్ని. చూసినవి రెండు: ఊళ్లోకి కార్లు వస్తాయా, ఊరు ఎంత ఎత్తున ఉంది. కార్లు రాని ఊళ్లలో ఒక్కరోజుకి వచ్చినవాళ్లంతా సాయంత్రానికి కిందికి దిగిపోతారు. ఆ తర్వాత వీధుల్లో మంచు మీద నడిచే అడుగుల చప్పుడు తప్ప ఏమీ వినిపించదు. ఇక ఎత్తు. వెచ్చని గాలి వచ్చిన రోజున 1,300 మీటర్ల దగ్గర వాన పడుతుంటే, పైన మంచే పడుతుంటుంది.

ఈ లెక్కన నాలుగు ఊళ్లు మిగిలాయి. గ్లారుస్ కొండల్లోని బ్రౌన్‌వాల్డ్ ప్రశాంతమైనదే, కానీ 1,256 మీటర్లే. వెంగెన్ 1,274 మీటర్లు. అందమైన ఊరే, కానీ జనవరిలో లౌబర్‌హార్న్ స్కీ పోటీల వారం అక్కడ ప్రశాంతత దొరకదు. 1,950 మీటర్ల దరిదాపుల్లో ఉన్న బెట్మరాల్ప్‌లో ఎండ బాగా పడుతుంది, వాలు మెత్తగా ఉంటుంది. మొదటిసారి స్కీ వేసుకునేవాళ్లకు, పిల్లలతో వెళ్లేవాళ్లకు నేను దాన్నే చెబుతాను. మలుపులు బాగా తిప్పగలిగినవాళ్లకైతే మ్యూరెన్. ఊరు 1,638 మీటర్ల ఎత్తున కొండ అంచు మీద ఉంది, ఎదురుగా ఐగర్, మ్యోంఖ్, యుంగ్‌ఫ్రౌ శిఖరాలు. ఆల్పైన్ స్కీలో మొదటి ప్రపంచ చాంపియన్‌షిప్ 1931లో జరిగింది ఇక్కడే. అయినా ఈ రోజుకీ అది చెక్క ఇళ్ల చిన్న ఊరే.

తేదీల విషయంలో తొందర పడకూడదు. జనవరిలో ఇక్కడి ఇన్ఫెర్నో స్కీ పోటీకి సుమారు 1,850 మంది వస్తారు, ఆ వారాంతం గది ఆశ వదులుకోవాల్సిందే. ఫిబ్రవరిలో స్విస్ బడులకు ఒక్కో కాంటన్‌లో (రాష్ట్రంలో) ఒక్కో వారం సెలవులు, ఇంగ్లండ్ బడుల సెలవు కూడా ఆ నెలలోనే. ఇంగ్లండ్ వాళ్లకు మ్యూరెన్‌తో వందేళ్ల అనుబంధం, కాబట్టి ఆ వారం ఊరు నిండిపోతుంది. నా ఎంపిక మార్చి రెండో వారం. పొద్దు పొడుగ్గా ఉంటుంది, పై సగంలో మంచు గట్టిగానే ఉంటుంది.

ప్రయాణం బాసెల్ నుంచి మూడు గంటలు, జ్యూరిక్ విమానాశ్రయం నుంచి మూడున్నర. ఇంటర్‌లాకెన్ ఓస్ట్‌లో పర్వత రైలు మారేటప్పుడు జాగ్రత్త. అదే రైలు త్స్వైలూచినెన్‌లో రెండుగా విడిపోయి, ఒక సగం గ్రిండెల్వాల్డ్‌కు, మరో సగం లౌటర్‌బ్రునెన్‌కు వెళ్తుంది. తలుపు పక్కన బోర్డు చదవకుండా ఎక్కితే వేరే లోయలో తేలతారు. లౌటర్‌బ్రునెన్ స్టేషన్ ఎదుటే గ్రూచాల్ప్‌కు కేబుల్ కార్, అక్కడి నుంచి 1891 నాటి చిన్న రైలు మార్గం, మొత్తం 20 నిమిషాలు. రెండో దారి స్టెకెల్‌బెర్గ్ వరకు బస్సు, అక్కడి నుంచి 2024 డిసెంబరులో మొదలైన కేబుల్ కార్. దాని వాలు 159 శాతం పైనే, కేబుల్ కార్లలో ప్రపంచంలోకెల్లా నిటారైనది. స్విస్ ట్రావెల్ పాస్ ఉంటే ఏ దారిన వెళ్లినా మ్యూరెన్ వరకు చెల్లుతుంది.

గది బుక్ చేసే ముందు దారి తేల్చుకోవాలి. రైలు స్టేషన్ ఊరికి ఉత్తరపు కొసన, కేబుల్ కార్ స్టేషన్ దక్షిణపు కొసన. మధ్య నడక 10-15 నిమిషాలే, కానీ చక్రాల పెట్టె తొక్కుడు మంచులో కదలదు. వీపు సంచీ తెచ్చుకోండి, లేదా హోటల్ బండి స్టేషన్‌కు వస్తుందేమో ముందే అడగండి.

స్కీ లిఫ్ట్‌ల పాస్ దగ్గర చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. యుంగ్‌ఫ్రౌ ప్రాంతం మొత్తానికి పాస్ కొంటే గ్రిండెల్వాల్డ్, వెంగెన్ కూడా వస్తాయి నిజమే, కానీ మ్యూరెన్ నుంచి అటు వెళ్లిరావడానికే సగం పూట పోతుంది. మ్యూరెన్ పాస్ చాలు. అదీ నేను ఏ రోజుకారోజు కొంటాను, గాలి వల్ల. దక్షిణం నుంచి ‘ఫోన్’ అనే వెచ్చని కొండగాలి వీచిందంటే పైనున్న బిర్గ్, షిల్ట్‌హార్న్ కేబుల్ కార్లు ముందుగా ఆగుతాయి. అప్పుడు మిగిలేవి కిందివైపున్న షిల్ట్‌గ్రాట్, అల్మెండ్‌హూబెల్, వింటరెగ్ వాలులు. పొద్దున్నే లిఫ్ట్‌ల స్థితి చూశాకే పాస్ తీసుకోండి.

ఆకాశం తేటగా ఉన్న రోజు మొదటి కేబుల్ కార్‌కే 2,970 మీటర్ల షిల్ట్‌హార్న్ ఎక్కాలి. అక్కడి నుంచి ఊరి దాకా 1,300 మీటర్లకు పైగా దిగుడు. పైభాగం నల్ల పిస్ట్, అంటే అన్నిటికన్నా కష్టమైన రకం, నిటారుగా ఉంటుంది. ఆ వాలు చూసి జంకితే బిర్గ్‌కు కేబుల్ కార్‌లోనే తిరిగి దిగవచ్చు, సిగ్గుపడాల్సింది లేదు. పసుపు గుర్తులున్న దారుల్లో మంచును యంత్రంతో చదును చేయరు. అటు వెళ్లేముందు మంచు చరియలు విరిగిపడే ప్రమాదం గురించిన హెచ్చరిక చూడాలి. 1 నుంచి 5 వరకు స్థాయిలుంటాయి, ముందురోజు సాయంత్రం 5కి ఒకటి, పొద్దున 8కి ఒకటి వెలువడతాయి. 3 అని ఉంటే నేను గుర్తుల దారి దాటను.

స్కీలు ఊళ్లోనే అద్దెకు తీసుకోవడం మేలు. బరువు, ఎత్తు, వయసు, నైపుణ్యం ఉన్నదున్నట్టు చెప్పాలి, బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్ బిగింపు వీటి మీదే ఆధారపడుతుంది. నైపుణ్యం ఎక్కువ చెబితే, పడినప్పుడు స్కీ ఊడదు, మోకాలు మెలిపడుతుంది. బూటు వేసుకుని నిటారుగా నిలబడితే వేళ్లు ముందు తగలాలి, మోకాళ్లు వంచితే వెనక్కి జరగాలి, మడమ లేవకూడదు. మేజోళ్లు పల్చటివి ఒకే జత. రెండు జతలు వేస్తే రక్తం ఆడక పాదం ఇంకా చల్లబడుతుంది.

శాకాహారులకు హోటల్‌లో రాత్రి భోజనంతో కలిపి గది తీసుకోవడం సులువు, ముందే మెయిల్ పెడితే చాలు. రోస్టి (తురిమిన బంగాళాదుంపల వేపుడు) మీద పందిమాంసం ముక్కలు వేసే అలవాటుంది, ‘ఓనె ష్పెక్’ (పందిమాంసం లేకుండా) అని చెప్పండి. ఫాండ్యూలో (కరిగించిన చీజ్‌లో) వైన్, కిర్ష్ అనే చెర్రీ సారా పోస్తారు. పెరుగు, రొట్టె, పండ్లు ఊళ్లోని కోప్ దుకాణంలో దొరుకుతాయి.

బీమా మాత్రం మరవకండి. స్విట్జర్లాండ్‌లో ఒకే సంస్థలో వారానికి 8 గంటలైనా ఉద్యోగం చేసేవాళ్లకు సంస్థ తీసే ప్రమాద బీమా స్కీ ప్రమాదాలకూ వర్తిస్తుంది. ఉద్యోగం లేని భార్యకో భర్తకో, పిల్లలకో అలా కాదు. కాపాడి తెచ్చే ఖర్చులో ప్రాథమిక ఆరోగ్య బీమా సగమే ఇస్తుంది, అదీ ఏడాదికి 5,000 ఫ్రాంకుల వరకే. లండన్ నుంచో హైదరాబాద్ నుంచో షెంగెన్ వీసా మీద వచ్చేవాళ్లు 30,000 యూరోల పాలసీ ఎలాగూ చూపిస్తారు, అందులో శీతాకాల క్రీడలు ఉన్నాయో లేదో చదవండి, చాలా వాటిలో ఉండవు. ప్రమాదంలో కాపాడే హెలికాప్టర్‌ను పిలిచే నంబరు 1414.

ఆదివారం మధ్యాహ్నం 2 గంటలకల్లా బూట్లు తిరిగిచ్చేసి బయల్దేరండి. 4 దాటితే, ఒక్కరోజుకి వచ్చినవాళ్లంతా ఒకేసారి దిగుతారు, లౌటర్‌బ్రునెన్ రైల్లో స్కీలు పట్టుకుని నిలబడాల్సి వస్తుంది.