రాజవిగ్రహం గుండ్లుగా మారిన దారి వెంట

న్యూయార్క్ నగరపు దక్షిణపు కొసన బౌలింగ్ గ్రీన్ అనే చిన్న ఉద్యానవనం చుట్టూ 1771లో వేసిన ఇనుప కంచె ఇప్పటికీ నిలిచి ఉంది. దాని పెద్ద స్తంభాల తలలను తడిమి చూస్తే రంపపు కోత గరుకు చేతికి తగులుతుంది. వాటి మీది అలంకారాలను ఒకప్పుడు కోసివేశారు. ఆ కంచె కాపు కాసినది బ్రిటిష్ రాజు మూడవ జార్జి అశ్వారూఢ విగ్రహానికి. సీసంతో పోతపోసి బంగారు రేకు అద్దిన ఆ విగ్రహాన్ని, 1776 జూలై 9న స్వాతంత్ర్య ప్రకటనను సైనికులకు చదివి వినిపించిన తరువాత, జనం తాళ్లు కట్టి పడగొట్టారు. ఆ సీసంలో చాలా భాగం ఓడ మీద నార్వాక్ రేవుకు, అక్కడి నుంచి ఎద్దుబండ్ల మీద కనెక్టికట్‌లోని లిచ్‌ఫీల్డుకు చేరి తుపాకీ గుండ్లుగా మారింది. న్యూజెర్సీలో ఉంటున్న మా బావమరిది కారు తీయగా, మేమూ లిచ్‌ఫీల్డుకే బయలుదేరాము.

దారిలో ఒక ఊరి పచ్చికబయలు మీద, ఆ కాలపు దుస్తులు ధరించి నాటి పనులను చేసి చూపే ఔత్సాహికులు గుడారాలు వేసుకొని ఉన్నారు. మూతి నుంచి మందు పోసి, గుండు జారవిడిచి, కడ్డీతో దట్టించే తుపాకులను వారు ఇప్పటికీ కాలుస్తారు. వాటికి కావలసిన గుండ్లను చాలామంది స్వయంగా పోసుకుంటారు. ఒక పెద్దాయన బొగ్గుల నిప్పు మీద ఇనుప మూకుడు పెట్టి సీసపు ముక్కలను కరిగిస్తున్నాడు. సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది కనుక వంటపొయ్యి వంటి నిప్పే చాలు. ఆ సులువు వల్లనే ఈ పని కమ్మరి కొలిమి దాటి ఇళ్లలోకి వచ్చింది. బూడిదరంగు ముక్కలు కుంగి, పాదరసంలా తళతళలాడాక ఆయన చిటికెడు తేనెమైనం వేశాడు. అది భగ్గున మండి పొగ చిమ్మింది. పైకి తేలిన నల్లని తెట్టును గరిటెతో తీసి పక్కన పారబోశాడు.

మా బావమరిది దాహమై సంచిలోంచి మంచినీళ్లు తీయబోతే, ఆయన చేయి అడ్డం పెట్టి దూరంగా వెళ్లి తాగమన్నాడు. "బావగారూ, చుక్క పడినా సీసం ఎగజిమ్ముతుందట, మీరూ వెనక్కి రండి" అని మావాడు నన్నూ లాగాడు. కరిగిన సీసం కిందకు చేరిన నీరు క్షణంలో ఆవిరై, మీది లోహాన్ని మనుషుల ముఖాల మీదికి విసురుతుంది. కురిసే వానలో ఈ పని ఎవరూ ఆరుబయట పెట్టుకోరు.

అచ్చు పట్టుకారులా రెండు పిడులతో, మూస్తే మధ్యలో గోళాకారపు గూడుతో ఉంది. చల్లని అచ్చులో పోసిన మొదటి గుండ్లు ముడతలు పడి వచ్చాయి. వాటిని ఆయన తిరిగి మూకుడులోకే వేశాడు. అచ్చు తగినంత వేడెక్కాక నునుపైన గుండ్లు రాసాగాయి. అది అతిగా కాగితే మళ్లీ పైన మంచు పట్టినట్టు తెల్లబారుతాయట. ప్రతి గుండుకూ పోసిన రంధ్రం దగ్గర ఒక తొడిమె మిగులుతుంది; దానిని కత్తిరించి, ఆ ముక్కనూ కరిగించుకుంటారు. చల్లారిన గుండును గోటితో గీరితే గీత పడింది. మెత్తని సీసమే కావాలట. కారు చక్రాలకు బిగించే సీసపు తూకపు ముక్కలలో ఆంటిమనీ అనే మరో లోహం కలిసి ఉంటుంది కనుక, గట్టిపడిన ఆ లోహాన్ని ఆయన ముట్టడు. నూలుగుడ్డ పేలికకు కొవ్వు రాసి, అందులో గుండును చుట్టి గొట్టంలోకి దింపితే, ఆ గుడ్డే గొట్టం లోపలి మెలికల గాళ్లను పట్టుకొని గుండును తిప్పుతుంది. మెలికలు లేని సైనిక తుపాకీ మస్కెట్‌లో మాత్రం గుండు కాస్త వదులుగా, మందునూ గుండునూ కలిపి చుట్టిన కాగితపు తూటాతో సహా దిగుతుంది. ముట్టుకున్న మాకు ఆయన సబ్బు, నీళ్లు చూపించి చేతులు కడుక్కోమన్నాడు. సీసం శరీరంలో చేరితే వదలని విషం.

ఆ హెచ్చరిక లిచ్‌ఫీల్డులో మరింతగా గుర్తుకు వచ్చింది. స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన ఆలివర్ వోల్కాట్ ఇల్లు సౌత్ స్ట్రీట్‌లో ఉంది. దానిని రోడ్డు మీద నుంచే చూశాము. విగ్రహపు సీసంతో ఆ ఊరి స్త్రీలు, పిల్లలు చేసిన తూటాలకు వోల్కాట్ వ్రాసిపెట్టిన లెక్క మొత్తం 42,088. అందులో రూత్ మార్విన్ పేర 11,592, వోల్కాట్ కూతుళ్లు మేరీ ఆన్ పేర 10,790, లారా పేర 8,378 ఉన్నాయి. అప్పటికి పదేళ్లయినా నిండని కొడుకు ఫ్రెడరిక్ పేర 936. యుద్ధచరిత్రలు సేనానుల పేర్లనే వల్లిస్తాయి. గుండు ఎవరి చేతి మీదుగా వచ్చిందో పేరుపేరునా చెప్పిన ఈ పద్దు నాకు వాటికన్నా విలువైనదిగా తోచింది. బంగారం కరిగిన సీసంలో కలిసిపోతుంది కాబట్టి, రాజు ఒంటి మీది పూతలో కొంతైనా ఆ గుండ్లలోకి వెళ్లి ఉంటుంది.

తిరుగు ప్రయాణంలో కారులోనే లెక్క వేశాను. విగ్రహం బరువు నాలుగు వేల పౌన్లని చెబుతారు. ఆనాటి మస్కెట్ గుండ్లు పౌనుకు పద్నాలుగు చొప్పున తూగుతాయనుకుంటే, 42,088కి పట్టేది సుమారు మూడు వేల పౌన్లు. మిగిలిన దానిలో కొంత దారిలోనే రాజు పక్షంవారి చేతికి చిక్కింది. మేము వెనక్కి వస్తూ దాటిన విల్టన్ ఊరి బురదనేలల్లో గుర్రపు తోకతో సహా విగ్రహపు ముక్కలు కొన్ని 1871లో బయటపడ్డాయి. ఆ తోక ఇప్పుడు న్యూయార్క్‌లోని చరిత్ర సంఘపు మ్యూజియంలో ఉంది.