పెన్సిల్ ముల్లుకి ఇంటి మూతలు: నా అనుభవం

నెల్లూరు నుంచి మైపాడు బీచికి పాతిక కిలోమీటర్ల లోపే. ఆ మాత్రం బస్సు ప్రయాణానికే, చక్కగా చెక్కి సంచిలో వేసుకున్న ఆరు పెన్సిళ్లలో నాలుగు ముల్లు విరిగి కనిపించేవి. కాస్త గట్టి రకాలైన హెచ్‌బి, 2బి ఎలాగో నిలిచేవి. మెత్తటి 4బి, 6బి ముందు పోయేవి. మెత్తటి పెన్సిల్లో గ్రాఫైట్ పాలు ఎక్కువ, దాన్ని పట్టి ఉంచే బంకమన్ను తక్కువ. నల్లగా పడే సుఖం ఉన్నచోటే విరిగే బాధా ఉంటుంది.

మూతలు కొనకుండా ఇంట్లో పారేసే వస్తువులతోనే చేయాలని కూర్చున్నాను. ముందు చేసిన తప్పు కొలతలు తీసుకోకపోవడం. మామూలు ఆరుపలకల పెన్సిల్ ఎదురెదురు పలకల మధ్య సుమారు 7 మి.మీ. ఉంటుంది. మూల నుంచి మూలకి కొలిస్తే ఇంకో అర మిల్లీమీటరు పైచిలుకు. షార్ప్‌నర్‌తో చెక్కితే ముల్లు కొన నుంచి రంగు మొదలయ్యే దాకా 18–20 మి.మీ. వస్తుంది. బ్లేడుతో పొడుగ్గా చెక్కే అలవాటుంటే 30 దాటుతుంది. ఈ అంకెలు చేతిలో లేకుండా ఇంట్లో ఉన్న గొట్టాలన్నీ దూర్చి చూడటం వల్ల ఒక పూటంతా వృథా.

బాల్‌పెన్ను మూతలు అందరికీ తట్టేవే. నాకూ మొదట తట్టాయి. కొన్ని పట్టవు, కొన్ని వదులు. వదులైతే పాత సైకిల్ ట్యూబు నుంచి 5 మి.మీ. పట్టీ కోసి పెన్సిల్‌కి ఒక చుట్టు వేస్తే బిగుస్తుంది. కానీ అసలు ఇబ్బంది లోపల. జెల్ పెన్ను, స్కెచ్ పెన్ను మూతల్లో సిరా ఆరిపోకుండా అడుగున ఇంకో చిన్న కప్పులాంటిది ఉంటుంది. పెన్సిల్ ముల్లు నేరుగా దాంట్లోకి దిగుతుంది. సంచి ఒక్కసారి అటూ ఇటూ ఊగితే ఆ కప్పు అంచుకి తగిలి టప్పున విరుగుతుంది. మూత పెట్టాం కదా అని నిశ్చింతగా ఉంటాం, తీసి చూస్తే ముల్లు మూతలోనే ఉంటుంది. అగరుబత్తి పుల్ల దూర్చి లోతు కొలిస్తే ఈ సంగతి ముందే తెలిసిపోతుంది.

అక్కడ అర్థమైంది ఒకటే. మూత పట్టుకోవాల్సింది చెక్కని, ముల్లుని కాదు. ముల్లు చుట్టూ ఏదీ తగలకుండా గాలిలో నిలబడాలి. ఆ లెక్కన మూతలో చెక్కని పట్టే భాగం 20 మి.మీ., చెక్కిన భాగానికి 20, ముల్లు ముందు ఖాళీ 5, కొన మూసేందుకు 10. మొత్తం 55 మి.మీ. బ్లేడుతో చెక్కిన వాటికి ఇంకో 15 కలపాలి.

కొబ్బరి బోండాం దగ్గర ఇచ్చే స్ట్రా చాలా సన్నం, పెన్సిల్ దూరదు. నిలువునా చీల్చి చుట్టి టేపు వేస్తే దూరుతుంది గానీ నొక్కితే అణిగిపోతుంది. పైగా 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ స్ట్రాలు నిషేధం. కాగితం స్ట్రా సముద్రపు గాలికి మెత్తబడుతుంది. సెలైన్ పైపు సన్నం, వాడేసింది ఇంటికి తెచ్చుకోకూడదు కూడా. పాత గ్యాస్ ట్యూబు లోపలి రంధ్రం 8 మి.మీ., కొలత బ్రహ్మాండంగా కుదిరింది. కానీ లోపల తీగ అల్లిక ఉన్న రకం కోస్తే తీగ కొనలు బయటికి పొడుచుకొస్తాయి, ఎన్నిసార్లు కడిగినా వాసన వదలదు. బొప్పాయి ఆకు కాడ పచ్చిగా ఉన్నప్పుడు ముచ్చటగా సరిపోతుంది, ఎండాక ముడుచుకుపోతుంది.

చివరికి నిలిచింది బేల్దారి మేస్త్రీలు గోడల మట్టం చూసుకునే లెవెల్ పైపు. ఇల్లు కట్టిన చోట, మరమ్మతు జరిగిన చోట మురికిపట్టిన ముక్కలు పడే ఉంటాయి. లేదంటే హార్డ్‌వేర్ షాపులో మీటరు లెక్కన ఇస్తారు. ఒక మీటరుకి 18 మూతలు వస్తాయి. రంధ్రం 8 మి.మీ. ఉన్నదే తీసుకోవాలి. 10 అయితే లోపల చుట్టే కాగితం మరీ ఎక్కువైపోతుంది.

ముందు సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టి, కటింగ్ బ్లేడుతో తిన్నగా 55 మి.మీ. ముక్కలు కోశాను. కత్తెరతో కోస్తే అంచు ఏటవాలుగా వస్తుంది. చుట్టలో ఉండి ఉండి ఈ పైపుకి ఒక వంపు ఉంటుంది. చిన్న ముక్కలో ఆ వంపు కంటికి ఆనదు, కానీ ముల్లు పక్క గోడకి రాసుకోవడానికి ఆ రెండు మిల్లీమీటర్లే చాలు. నా మొదటి నాలుగు మూతలూ దీనివల్లే దండగ. అందుకని ఒక పనికిరాని పెన్సిల్ ముక్కని పైపులో దూర్చి, చెయ్యి పెట్టలేనంత వేడినీళ్లలో ఒక నిమిషం ఉంచి, వెంటనే చన్నీళ్లలో వేయాలి. వంపు పోతుంది.

తర్వాత ఒక కొనని మళ్లీ వేడినీళ్లలో ముంచి, మెత్తగా ఉండగానే చివరి 10 మి.మీ. పట్టకారుతో చదునుగా నొక్కి ఒక స్టేపుల్ పిన్ను కొట్టాను. పిన్ను కాళ్లు లోపలికి బాగా వంచి పైన టేపు వేయాలి, లేకపోతే సంచి గుడ్డకి పట్టుకుంటాయి. పైపుని మంట మీద కాల్చి మూద్దామనే ఆలోచన వద్దు. ఈ పైపు పీవీసీ ప్లాస్టిక్, అది కాలితే వచ్చే పొగ మంచిది కాదు. ఎం-సీల్ పెట్టి గాలి చొరకుండా మూసిన మూత ఒకటి చేసి చూశాను. పెన్సిల్ దూర్చగానే లోపలి గాలి వెనక్కి తోస్తుంది, కాసేపటికి మూత దానంతటదే జారుతుంది. స్టేపుల్ కొట్టిన చోట మిగిలే సన్నటి సందే ఇక్కడ మేలు.

8 మి.మీ. రంధ్రంలో పెన్సిల్ కాస్త వదులుగా ఉంటుంది. నోటుబుక్కు కాగితం 28 మి.మీ. వెడల్పు, 50 మి.మీ. పొడవు కోసి, రెండు చుట్లు చుట్టి మూత నోట్లోకి 20 మి.మీ. దించాలి. బయట మిగిలిన 8 మి.మీ. అంచుని నాలుగైదు చోట్ల కత్తిరించి పైపు మీదకి మడిచి టేపు చుడితే కాగితం లోపలికి జారదు. ఈ కాగితానికి ఇంకో పని కూడా ఉంది. మెత్తటి పీవీసీలో కలిపే నూనెలాంటి పదార్థం నెలల తరబడి ఆనుకుని ఉంటే పెన్సిల్ రంగుని జిగటగా చేస్తుంది. ఇలాంటి మెత్తటి పీవీసీతో చేసిన రబ్బరు ప్లాస్టిక్ డబ్బాకి అతుక్కుపోవడం బడిపిల్లలున్న ఇంట్లో చూసే ఉంటారు. మధ్యలో కాగితం ఉంటే ఆ బాధ లేదు.

పైపు దొరకని వాళ్లకి శుభలేఖలున్నాయి. పెళ్లిళ్ల సీజన్ దాటితే ఏ ఇంట్లోనూ వీటికి కరువు ఉండదు. దళసరి కార్డుని రెండు వైపులా మెల్లగా వంచి చూడాలి. ఏ వైపు తేలిగ్గా వంగితే ఆ వైపే చుట్టాలి. అడ్డంగా చుడితే పొరలు పగిలి గొట్టం పలకలు తేలుతుంది. 60 మి.మీ. వెడల్పు, 100 మి.మీ. పొడవు ముక్క నాలుగు చుట్లకి కాస్త తక్కువగా వస్తుంది. పెన్సిల్‌కి ముందు పాల ప్యాకెట్ ముక్క ఒక చుట్టు వేయాలి, జిగురు అంటకుండా. కార్డు మొదటి చుట్టుకి జిగురు వద్దు, మిగతా వాటికి మైదా జిగురు పల్చగా. దారంతో కట్టి, పెన్సిల్ తీసేసి నీడన ఒక రోజు ఆరనివ్వాలి. మా నెల్లూరు వైపు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాబట్టి ఆ నెలల్లో రెండు రోజులు. ఆరాక ఒక కొనని నాలుగు చీలికలు చేసి లోపలికి మడిచి అంటించి, పైన కొవ్వొత్తి రుద్దితే తేమ పట్టదు. ముట్టుకుంటే పైపు మూత కంటే ఇదే బాగుంటుంది. బరువు మీద పడితే మాత్రం అణుగుతుంది.

మూత పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ పక్కకి వంచకూడదు. కొంచెం తిప్పుతూ తిన్నగా లాగాలి. బొగ్గు పెన్సిల్ మరీ పెళుసు, దానికి ముల్లు ముందు ఖాళీ 10 మి.మీ. వదిలాను. లావు పెన్సిళ్లకి 10 మి.మీ. పైపే వాడాలి.

మూతలు పెట్టిన ఆరింటినీ గుండ్రటి అగరుబత్తి గొట్టంలో ముల్లు పైకి ఉండేట్టు నిలబెట్టి, అడుగున గిన్నెలు తోమే స్పాంజి ముక్క, పైన మిగిలిన ఖాళీలో పాత లుంగీ గుడ్డ కుక్కాను. కొత్త పెన్సిల్ 17.5 సెం.మీ., మూత పెడితే ఇంకో ఒకటిన్నర పెరుగుతుంది. గొట్టం 23 సెం.మీ. ఉంటే పడుతుంది. స్పాంజి ఎందుకంటే, గట్టి నేల మీద పడితే చెక్క లోపలే ములికి, అంటే రాసే కడ్డీ, ముక్కలవుతుంది. ఆ తర్వాత ఎన్నిసార్లు చెక్కినా ముల్లు ఊడిపడుతూనే ఉంటుంది. అది మూత ఆపగలిగే దెబ్బ కాదు.

రంగు పెన్సిళ్ల సంగతి వేరు. వాటి ములికి ఎక్కువగా మైనం కలిపి చేసింది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో ఎండలో ఉంచితే మెత్తబడి మూత గోడకి అంటుకుంటుంది. వాటికి శుభలేఖ మూతలే వేసి, గొట్టాన్ని సంచిలో నీళ్ల సీసా పక్కన, సీసాకి చుట్టిన తడిగుడ్డకి తగలకుండా పెడుతున్నాను.