ఒక్క బోల్టు కోసం

ఆరు మిల్లీమీటర్ల బోల్టు రంధ్రంలోకి దిగనే లేదు. అయిదు మిల్లీమీటర్లదేమో మర పట్టకుండా వదులుగా ఊగింది. స్టాన్లీ కంపెనీవారి పాత చిత్రిక (చెక్కను నునుపు చేసే పనిముట్టు) వెనుక పిడిని ఇనుప అడుగుకు బిగించే పొడవాటి బోల్టు, ఈ ఉదయం విప్పుతుండగా తుప్పు తిన్న చోట పుటుక్కున విరిగింది.

విరిగిన ముక్కను మర చుట్లను కొలిచే కొలబద్దకు ఆనించి చూశాక సంగతి బోధపడింది. వ్యాసం సుమారు 5.5 మిల్లీమీటర్లు, అంగుళానికి 20 చుట్లు; మామూలుగా దొరికే పన్నెండో నంబరు బోల్టుకు ఉండేవి 24. కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, కానీ 24 చుట్లది ఈ రంధ్రంలో రెండు చుట్లు తిరిగేసరికి బిగుసుకుపోతుంది, ఇంకా బలవంతం చేస్తే పోత ఇనుములోని మర అరిగిపోతుంది.

రంధ్రాన్ని పెద్దది చేసి కొత్త మర కోయవచ్చు. అయితే ఆ తరువాత అసలు బోల్టు దొరికినా అందులో పట్టదు కనుక, ఆ పనికి నాకు చేతులు రాలేదు. అడుగు పగిలి మూలన పడిన మరో చిత్రిక నుంచి తీసిన బోల్టు కోసమే వెతుకుతాను, ఎన్నాళ్లు పట్టినా సరే.

పిడి పైన ఉండే ఇత్తడి నట్టు మాత్రం చెక్కుచెదరలేదు. మెత్తగా రుద్ది, నూనె గుడ్డలో చుట్టి పక్కన పెట్టాను.