కూటములు, వాణిజ్యం, యుద్ధం: ఈ ఎస్సేకి బొబ్బిలిని ఎలా వాడాలి

"వాణిజ్య బంధాలు, సైనిక కూటములు యుద్ధాలను ఆపుతాయా?" అని ఎస్సే వస్తే మనవాళ్లు మొదటి పేరాలోనే అవుననో కాదనో తేల్చేస్తారు. ఇక మిగతా పేజీల్లో రాయడానికి సరుకుండదు. ఎప్పుడు ఆపుతాయి, ఎప్పుడు ఎగదోస్తాయి అని ప్రశ్నను తిప్పుకోండి.

వాణిజ్యానికి 1941 మంచి ఉదాహరణ. జపాన్‌కు సుమారు 80 శాతం చమురు అమెరికా నుంచే వచ్చేది. అమెరికా అది ఆపేసింది. నిల్వలు అడుగంటేలోపు డచ్ ఈస్టిండీస్ (నేటి ఇండోనేషియా) చమురు పట్టుకోవాలి, అడ్డొచ్చే అమెరికా నౌకాదళాన్ని ముందే దెబ్బతీయాలి: పెర్ల్ హార్బర్ అలా వచ్చింది. ఆధారపడటమే అక్కడ భయమైంది. దీని ఎదురుగా 1951 నాటి యూరప్ బొగ్గు-ఉక్కు సమాజం పెట్టండి. ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ సహా 6 దేశాలు ఆయుధాలకు కావలసిన ముడిసరుకునే ఉమ్మడి అజమాయిషీలోకి తెచ్చాయి. ఇది ఉత్త కొనుగోలు, అమ్మకం కాదు. మార్కులు వచ్చేది ఈ తేడా దగ్గరే. గల్వాన్‌కు ఒక్క వాక్యం చాలు: 2020లో 20 మంది సైనికులను కోల్పోయాం, 2021లో చైనాతో వాణిజ్యం 100 బిలియన్ డాలర్లు దాటింది.

కూటములనగానే అందరూ 1914 నాటి మొదటి ప్రపంచ యుద్ధం రాస్తారు. మీరు ఇటలీని పట్టుకోండి. 1882 నుంచి జర్మనీ కూటమిలో ఉండి, 1914లో తటస్థమని కూర్చుని, 1915లో అవతలి పక్షాన దిగింది. నాటో సైనిక కూటమి, ఒక సభ్యదేశం మీద దాడిని అందరి మీదా దాడిగా చూసే ఆర్టికల్ 5ను ప్రయోగించింది ఒక్కసారే, 2001 దాడుల తర్వాత. సభ్యదేశాల మీదికి పెద్ద యుద్ధం రాకపోవడం నాటో ఘనతేనని మాత్రం రాసేయకండి, అణ్వాయుధాల భయమూ అందులో ఉంది.

ఇక మన ఊరి సరుకు. 1757లో విజయనగరం రాజు విజయరామరాజుకు ఫ్రెంచి సేనాని బుస్సీ సేన తోడు లేకపోతే బొబ్బిలి కోట మీద ఆ ఫిరంగులు పేలేవి కావు. మరుసటి ఏడాదే విజయనగరం ఇంగ్లీషువారి పక్షం చేరింది, చందుర్తి దగ్గర ఫ్రెంచివారు ఓడారు. 1794లో ఆ ఇంగ్లీషు కంపెనీయే పద్మనాభం దగ్గర విజయనగరం సేన మీద విరుచుకుపడింది. మూడు వాక్యాలు, అంతే. తాండ్ర పాపారాయుడి వీరగాథలోకి వెళ్లారా, పేజీ నిండుతుంది, పాయింటు పోతుంది. ఇవి సంస్థానాలే గానీ నేటి అర్థంలో దేశాలు కావని ఒక ముక్క కలపండి, లేదంటే దిద్దేవారు దాన్నే పట్టుకుంటారు.

సివిల్స్ జీఎస్ (జనరల్ స్టడీస్) పేపర్లో 15 మార్కులకు అడిగితే 250 పదాలు, 11 నిమిషాలు. అప్పుడు జపాన్, ఇటలీ ఉంచి బొబ్బిలిని వదిలేయండి.