ఒక్కపొద్దు లెక్క

మా అత్తమ్మ నలభై ఏళ్లుగా శనివారం ఒక్కపొద్దు ఉంటుంది. పగలంతా చాయ్ మీద నెట్టుకొచ్చి, రాత్రి దీపం పెట్టాక వేడన్నంలో ముద్దపప్పు కలుపుకొని తింటుంది. నేను కీటో (అన్నంలాంటి పిండిపదార్థం బాగా తగ్గించి, కొవ్వు ఎక్కువ తినే పద్ధతి) మొదలుపెట్టి, అది చాలదన్నట్టు వారానికి రెండు ఉపవాసాలు కూడా పెట్టుకున్నానని తెలిసి, "అన్నమే తిననిదానివి, నీకు మళ్ల ఒక్కపొద్దెందుకే?" అంది. అప్పుడు నవ్వి ఊరుకున్నాను. పద్నాలుగు నెలలైంది. ఈ మధ్యలో నేను చేసిన తప్పులన్నీ ఆ ప్రశ్నకి జవాబు చెప్పుకోకపోవడం వల్లే జరిగాయి.

నాకు 47 ఏళ్లు. ఉండేది రామంతాపూర్‌లో, రాణిగంజ్‌లో పంపుసెట్లు అమ్మే షాపులో అకౌంట్స్ రాస్తాను. 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ గారి కీటో లాంటి పద్ధతి మా కాలనీలో ఇంటింటికీ వచ్చినప్పుడు, పక్కింటావిడ కొలత గ్లాసుతో కొబ్బరినూనె తాగుతుంటే చూసి భయపడి దూరంగా ఉన్నదాన్ని. నా తూకం 78 కిలోలయ్యాక ఆ భయం పోయింది.

సోమవారం, గురువారం ఉపవాసం పెట్టుకున్నాను. ముందురోజు రాత్రి ఎనిమిదింటికి తింటే మళ్లీ మర్నాడు రాత్రి ఎనిమిదింటికే. మధ్యలో నీళ్లు, పాలూ చక్కెరా లేని డికాషన్, అంతే. మిగతా ఐదు రోజులూ రెండేసి పూటలు. పిండిపదార్థం రోజుకి 25 గ్రాములు దాటకూడదు. ఒక కప్పు అన్నంలోనే 40 దాకా ఉంటుంది కాబట్టి అన్నం, చపాతీ, ఇడ్లీ అన్నీ బంద్.

మొదటి వారమే మూడు కిలోలు పోయింది. షాపులో అందరికీ చెప్పుకున్నాను. అందులో ఎక్కువ భాగం కొవ్వు కాదని తర్వాత తెలిసింది. కాలేయంలో, కండల్లో గ్లైకోజెన్ అని చక్కెర నిల్వ ఉంటుంది, రెండూ కలిపి అర కిలో దాకా. ఒక్కో గ్రాముకీ సుమారు మూడు గ్రాముల నీళ్లు అంటుకుని ఉంటాయి. నిల్వ ఖాళీ అయితే ఆ నీళ్లూ పోతాయి. అందుకే మా ఆడపడుచు కూతురి నిశ్చితార్థంలో ఒక ప్లేటు బగారన్నం తిన్న మర్నాడు మిషన్ 1.8 కిలోలు ఎక్కువ చూపించింది. ఒక ప్లేటుకి అంత కొవ్వెక్కడం ఎవరి వల్లా కాదు. అయినా ఆ రోజు భయపడి, గురువారం దాకా ఆగకుండా 36 గంటలు ఉపవాసం ఉన్నాను. ఆ తర్వాత రెండు రోజులు కనబడినదల్లా తిన్నాను. మళ్లీ ఉపవాసం. ఈ గుండ్రం నెలన్నర తిరిగింది.

ఇంకొకటి చెప్పాలంటే సిగ్గు. నేను తూకం చూసుకునేది మంగళవారం, శుక్రవారం పొద్దున, అంటే ఉపవాసం మర్నాడు, కడుపు ఖాళీగా ఉన్నప్పుడు. మార్చి 31న గోదాములో సరుకు తక్కువ చూపించే సేట్లని ఎంతమందిని చూశాను! ఇరవై రెండేళ్లు లెక్కలు రాసి, నా లెక్కలో నేనే అదే పని చేశాను. ఇప్పుడు ఆదివారం పొద్దున ఒక్కసారే చూస్తాను. ముందు రెండు రోజులూ తినే రోజులే కాబట్టి మిషన్ అబద్ధమాడే అవకాశం కొంచెం తక్కువ.

అయితే నన్ను దెబ్బకొట్టింది ఉపవాసం రోజులు కాదు. తినే రోజులు.

కీటోలో కొన్నాళ్లకి ఆకలి తగ్గిపోతుంది. అది వరమనుకున్నాను. తినే రోజు కూడా మధ్యాహ్నం రెండు గుడ్లు, రాత్రి కాస్త బెండకాయ వేపుడు, ఒక ముక్క పన్నీర్. చాలనిపించేది. మూడో నెలకి దువ్వెన నిండా జుట్టు. పాత వోచర్ల కట్టలు షాపు పై అంతస్తులో ఉంటాయి, ఆ మెట్లు ఎక్కుతుంటే తొడలు వణికేవి. తూకం మాత్రం 72 దగ్గర ఆగిపోయింది. ఇంకా తక్కువ తినాలేమో అనుకున్నాను, చూడండి నా తెలివి.

అప్పుడు ఈ ఆహారం ఎక్కడి నుంచి వచ్చిందో చదివాను. ఇది బరువు కోసం పుట్టింది కాదట. మూర్ఛ రోగులని పస్తు ఉంచితే ఫిట్స్ తగ్గుతున్నాయని వందేళ్ల కిందట డాక్టర్లు గమనించారు. కానీ మనిషిని ఎన్నాళ్లు పస్తు పెట్టగలరు? 1921లో అమెరికాలో మేయో క్లినిక్ డాక్టర్ రస్సెల్ వైల్డర్, పిండిపదార్థం బాగా తగ్గించి కొవ్వు పెంచితే పస్తులో కొవ్వు కరిగి పుట్టే కీటోన్లనే పదార్థాలే తింటున్నా పుడతాయని చెప్పి, దానికి కీటోజెనిక్ డైట్ అని పేరు పెట్టాడు. అంటే కీటో అన్నదే తింటూ ఉండే ఉపవాసం. మా అత్తమ్మ చదవకుండానే అడిగిన ప్రశ్న ఇదే. నేను ఉపవాసం మీద ఉపవాసం వేసుకుని, తినాల్సిన ఐదు రోజులు కూడా సగం పస్తుంటున్నాను. కొవ్వుకి బదులు కండ కరిగితే మెట్లెక్కలేకపోవడంలో వింతేముంది?

ఇప్పుడు తినే రోజున ముందు ప్రోటీన్ లెక్క. కనీసం 75 గ్రాములు. ఆకలున్నా లేకపోయినా. మధ్యాహ్నం మూడు గుడ్ల పొరటు, 100 గ్రాముల పన్నీర్: ఇక్కడికి 36. రాత్రి పావుకిలోకి కొంచెం తక్కువ చికెన్, గోంగూరతోనో తోటకూరతోనో, దానితో మిగతాది వచ్చేస్తుంది. కూరగాయలకి సాయంత్రం మోండా మార్కెట్ వెళ్తాను. బీరకాయ, సొరకాయ, వంకాయ, కాకరకాయ ధైర్యంగా తీసుకుంటాను. ఉల్లిగడ్డ దగ్గర చెయ్యి బిగపట్టాలి. మన కూరకి రెండు ఉల్లిగడ్డలు వేస్తే తప్ప గ్రేవీ రాదు, ఆ గ్రేవీలోనే సగం కోటా పోతుంది. హోటల్ కూరల్లో జీడిపప్పు ముద్ద ఇంకో దొంగ.

ఉపవాసం ఇడవడం కూడా నేర్చుకోవాల్సి వచ్చింది. ఒక గురువారం ఇంటికొస్తూనే నిలబడి దోసెడు దోసెడుగా వేయించిన పల్లీలు తిన్నాను. నూరు గ్రాములంటే 570 క్యాలరీల దాకా, నేను తిన్నది అంతకంటే ఎక్కువే. మీదనుంచి నెయ్యిలో వేయించిన పన్నీర్. ఆ రాత్రి పడకకీ బాత్‌రూంకీ మధ్య ఎన్నిసార్లు తిరిగానో చెప్పను. ఇప్పుడు ముందు ఒక గిన్నె పలచటి చికెన్ సూప్, ఇరవై నిమిషాలాగి కూర.

ఉప్పు సంగతి మా స్టోర్స్ చూసే భాయ్ వల్ల పట్టుబడింది. రంజాన్‌లో ఆయన రోజా ఉంటే నేను నీళ్ల బాటిల్‌తో ఉపవాసం. "నీళ్లు తాగితే అదేం ఉపాసం అక్కా," అని ఆటపట్టించేవాడు. కానీ నీళ్లు ముట్టని ఆయన బాగానే ఉండేవాడు, మూడు లీటర్లు తాగిన నాకు పదకొండింటికల్లా తలనొప్పి, రాత్రి పిక్కలు పట్టేయడం. పిండిపదార్థం తగ్గితే ఇన్సులిన్ తగ్గుతుంది, దాంతో మూత్రపిండాలు ఉప్పుని బయటికి వదిలేస్తాయి. నేను ఉత్త నీళ్లు తాగి ఉన్నదాన్నీ కడిగేసుకుంటున్నాను. నిమ్మనీళ్లలో పావు చెంచా ఉప్పేసి రెండుసార్లు తాగడం మొదలుపెట్టాక తలనొప్పి పోయింది. బీపీ ఉన్నవాళ్లు మాత్రం నన్ను చూసి చెయ్యకండి. భాయ్ ఇఫ్తార్‌కి హలీం తెస్తే అందులో గోధుమ ఉందని వద్దన్నాను. మర్నాడు పాయా (మేకకాళ్ల సూప్) తెచ్చాడు. గిన్నె ఖాళీ చేసి కడిగిచ్చాను.

మా ఆయనా చేరతానన్నాడు. ఆయనకి షుగర్, గ్లిమెపిరైడ్ వేసుకుంటాడు. డాక్టరు ఒక్కమాటలో వద్దన్నాడు. ఆ మాత్ర వేసుకుని పస్తుంటే షుగర్ పడిపోతుందట. పేరు చివర గ్లిఫ్లోజిన్ అని వచ్చే మాత్రలైతే ఇంకో రకం ప్రమాదం: మీటర్‌లో షుగర్ మామూలుగానే కనిపిస్తూ రక్తం ఆమ్లంగా మారిపోవచ్చు. మందులు మార్చకుండా మొదలుపెట్టొద్దని కచ్చితంగా చెప్పాడు. ఆయన ఇప్పుడు అన్నం సగం చేసుకుని, సాయంత్రం నడకకి వెళ్తున్నాడు. నా గుడ్లలో వాటా అడుగుతున్నాడు.

మొన్న లష్కర్ బోనాలకి మాత్రం పాత పిచ్చి తిరగబెట్టలేదు. ఆదివారం ఇంట్లో మటన్, అది నాకు పండగే. కానీ బోనంలోని బెల్లమన్నం అత్తమ్మ చేత్తో పెడితే ఎట్లా కాదంటాను? రెండు ముద్దలు తిన్నాను. మర్నాడు సోమవారం, ఉపవాసం రోజు. వంటింట్లో ఆదివారం కూర మిగిలి ఉంది, ఊరి నుంచి వచ్చిన చుట్టాలింకా వెళ్లలేదు. ఉపవాసాన్ని బుధవారానికి జరిపాను. ఆ తర్వాతి ఆదివారం మిషన్ ఎక్కితే 69.4, ముందు వారం కంటే 200 గ్రాములు ఎక్కువ. రాసుకున్నాను.

జుట్టు ఇంకా పూర్తిగా రాలేదు. ఉపవాసం రోజు సాయంత్రం నోరు నెయిల్ పాలిష్ రిమూవర్ వాసనొస్తోందని మా అమ్మాయి ముఖం తిప్పుకుంటుంది. కీటోన్లలో ఒకటైన అసిటోన్ అది, సీసాలో ఉండేదే. ఏలక్కాయ నములుతున్నాను. శనివారాలు అత్తమ్మ, సోమ గురువారాలు నేను, రాత్రి ఎనిమిదింటికి ఉపవాసం ఇడుస్తాం. ఆమె నా పళ్లెంలో అన్నం లేకపోవడం చూసి ఇప్పటికీ ఒక ముద్ద చేతిలో పట్టుకుని ఆగుతుంది.