లెజామా మైదానాల దగ్గర ఒక పూట

స్పెయిన్ ఉత్తరాన బాస్క్ సీమలో ఉన్న బిల్బావో నగరానికి వెళ్ళినవాళ్ళు సాధారణంగా గుగ్గెన్‌హైమ్ మ్యూజియం చూసి వస్తారు. నేనూ చూశాను. కానీ 2024 అక్టోబరులో పని మీద ఆ ఊరికి వెళ్ళినప్పుడు నా మనసంతా నగరానికి సుమారు పది కిలోమీటర్ల దూరంలో ఉన్న లెజామా అనే చిన్న ఊరి మీదే ఉంది. బిల్బావో ఫుట్‌బాల్ జట్టు అథ్లెటిక్ క్లబ్ శిక్షణ మైదానాలూ, పిల్లల అకాడమీ 1971 నుంచి అక్కడే ఉన్నాయి. శనివారం ఉదయం పాతబస్తీ స్టేషన్‌లో రైలెక్కాను. గుట్టలు దాటగానే నగరం వెనకబడిపోయి, పచ్చిక బయళ్ళూ ఎర్ర పెంకుటిళ్ళూ మొదలయ్యాయి. ఈ లోయ పేరు చోరియెర్రి. బాస్క్ భాషలో పక్షుల సీమ అని అర్థం. దిగేసరికి సన్నటి తుంపర పడుతోంది. అక్కడివాళ్ళు దాన్ని సిరిమిరి అంటారు. మన చిరుజల్లుకు చుట్టంలా వినిపించే ఆ మాట నాకు వెంటనే నోటికి పట్టింది.

ఇంత దూరం రావడానికి కారణం ఆ క్లబ్ పాటించే నియమం. 1898లో పుట్టిన ఈ జట్టు, 1910ల నుంచి, బాస్క్ సీమలో పుట్టినవాళ్ళను లేదా అక్కడి క్లబ్బుల్లో ఆట నేర్చుకున్నవాళ్ళను తప్ప మరెవరినీ ఆడించదు. ఫ్రాన్సు వైపున్న బాస్క్ ఊళ్ళను కూడా కలుపుకున్నా ఆ సీమ జనాభా సుమారు ముప్పై లక్షలు. అంటే హైదరాబాదు జనాభాలో సగం కూడా లేదు. అయినా 1929లో స్పానిష్ లీగ్ మొదలైనప్పటి నుంచి ఒక్కసారి కూడా రెండో డివిజన్‌కు దిగజారని జట్లు మూడే ఉన్నాయి. రియల్ మాడ్రిడ్, బార్సిలోనాల సరసన మూడో పేరు ఈ జట్టుదే.

స్పానిష్‌లో అకాడమీని కాంతెరా అంటారు. ఆ మాటకు అసలు అర్థం రాతి గని. సొంత గని, సొంత అభిమానులు ఉంటే దిగుమతులతో పనిలేదన్నది ఈ క్లబ్ అభిమానుల పాత నినాదం. దాని బరువు నాకు 2018 నాటి ఒక సంగతితో అర్థమైంది. లెజామాలో పెరిగిన గోల్‌కీపర్ కెపా అరిసబలాగాను ఆ ఏడాది ఇంగ్లండుకు చెందిన చెల్సీ క్లబ్ 8 కోట్ల యూరోలు చెల్లించి తీసుకుపోయింది. మరో క్లబ్ అయితే ఆ డబ్బుతో ప్రపంచంలో ఎక్కడినుంచైనా ఇంకో గోల్‌కీపర్‌ను తెచ్చుకునేది. వీళ్ళకు ఆ దారి లేదు. కెపా వదిలిన చోట నిలబడిన ఉనాయి సిమోన్ కూడా చిన్ననాడే లెజామాకు వచ్చినవాడే. 2024లో స్పెయిన్ యూరో కప్ గెలిచినప్పుడు గోల్ ముందు ఉన్నది అతనే. వేరే చోట్ల అకాడమీ క్లబ్‌కు ఒక అలంకారం కావచ్చు. ఇక్కడ మాత్రం అది క్లబ్‌కు తిండిగింజల గాదె.

మొదటి జట్టు సాధన చేసే వైపుకు ఆ రోజు ప్రవేశం లేదు. పిల్లల మ్యాచ్‌లు జరిగే వైపు మాత్రం ఎవరైనా కంచె దగ్గర నిలబడి చూడవచ్చు. ముందుగా కంటబడింది తెల్లటి ఉక్కు కమాను. 1953 నుంచి క్లబ్ పాత స్టేడియం సాన్ మామెస్ కప్పును మోసిన కమాను అది. 2013లో ఆ స్టేడియాన్ని కూల్చినప్పుడు దాన్ని తుక్కు కింద అమ్మేయకుండా తెచ్చి ఇక్కడ నిలబెట్టారు. తాతల ఇంటి దూలాన్ని మనవల ఇంటికి వాడుకున్నట్టు అనిపించి, చాలాసేపు దాని కిందే ఆగిపోయాను.

ఒక మూల పదేళ్ళ గోల్‌కీపర్ ఒకడు సాధన చేస్తున్నాడు. తడిసిన బంతి మూడుసార్లు వాడి చేతుల్లోంచి జారిపోయింది. కోచ్ కేక వేయలేదు. బంతిని తన చొక్కాకు తుడిచి, మోకాళ్ళ మీద కూర్చుని, పిల్లవాడి తొడుగుల వేళ్ళను ఒక్కొక్కటిగా బంతి వెనక అమర్చాడు. రెండు బొటనవేళ్ళూ దాదాపు ఒకదానికొకటి తాకేలా పెట్టి, కాస్త వెనక్కి జరిగి, మళ్ళీ విసిరాడు. నాలుగోసారి బంతి చేతుల్లో నిలిచింది. పిల్లవాడు కోచ్ వైపు కాకుండా తన చేతుల వైపే చూసుకున్నాడు.

పక్కన గొడుగు పట్టుకుని నిలబడిన పెద్దావిడను ఒక అమ్మాయి "అమామ" అని పిలిచింది. నేను తిరిగి చూశాను, ఎవరో అమ్మమ్మను పిలిచారేమోనని. తీరా ఆ మాటకు అక్కడ అర్థం కూడా అమ్మమ్మే, నానమ్మే! మనవరాలు మా మాటలను ఇంగ్లీషులోకీ స్పానిష్‌లోకీ మారుస్తుంటే మేము కబుర్లలో పడ్డాం. మనవడు అక్కడ ఆడుతున్నాడట. 2024 ఏప్రిల్‌లో అథ్లెటిక్ క్లబ్ మయోర్కా జట్టును పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి, నలభై ఏళ్ళ తర్వాత కోపా దెల్ రే అనే స్పెయిన్ కప్పు గెలిచినప్పుడు, ఆటగాళ్ళు గబర్రా అనే పడవ మీద నది వెంట ఊరేగారు. ఆవిడ 1984లోనూ, ఈసారీ అదే ఒడ్డున నిలబడి చూశారట. ఘనా నుంచి ఎడారి దాటి వచ్చిన దంపతులకు బిల్బావోలో పుట్టిన ఇన్యాకి విలియమ్స్, అతని తమ్ముడు నికో కలిసి ఆ పడవ మీద కనిపించినప్పుడు కన్నీళ్ళు ఆగలేదని చెప్పారు.

మనవడు మొదటి జట్టుకు చేరతాడా అని అడిగాను. చేరకపోవచ్చునని ఆవిడ నెమ్మదిగా అన్నారు. చాలామంది చేరరు. జూనియర్ జట్ల తర్వాత బాస్కోనియా, ఆపైన బిల్బావో అథ్లెటిక్ అనే కింది జట్లు, ఆ మీదట మొదటి జట్టు; ఒక్కో మెట్టు దగ్గరా కొందరు ఆగిపోతారు. పదేళ్ళకే ఇంత ఆశ మోయించడం న్యాయమేనా అన్న ప్రశ్న నన్ను అక్కడ వదల్లేదు, ఇప్పటికీ వదల్లేదు.

అప్పుడు నేను మా హైదరాబాదు సంగతి చెప్పాను. బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ అనే ఫుట్‌బాల్ టోర్నీ గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన భారత జట్టుకు ఆయనే కోచ్. సికింద్రాబాదు కుర్రవాడు తులసీదాస్ బలరాంతో సహా మా ఊరి ఆటగాళ్ళు అందులో చాలామంది ఉన్నారు. మాకూ ఒకప్పుడు గని ఉండేదని చెబుతుంటే నా గొంతు కాస్త వణికింది.

ఆవిడ శ్రద్ధగా విని, ఇప్పుడు ఆ పిల్లలు ఎక్కడ నేర్చుకుంటున్నారని అడిగారు. బస్తీల్లో సొంత డబ్బు పెట్టుకుని నేర్పేవాళ్ళు ఉన్నారని చెప్పాను. పదేళ్ళవాడి వేళ్ళను బంతి వెనక అమర్చడానికే జీతమిచ్చి మనిషిని పెట్టే చోటు ఉందా అని మనవరాలు తన తరఫున అడిగింది. ఇలాంటిది నేను చూడలేదన్నాను. ఇంతలో రిఫరీ ఈల వేశాడు, రెండో సగం మొదలైంది. ఆవిడ గొడుగును నా మీదికి కూడా జరిపారు. మధ్యాహ్నం రైలుకు వెళ్ళిపోవాలనుకున్నవాణ్ణి, ఆ గొడుగు కింద ఆట ముగిసేదాకా నిలబడ్డాను.