డిసెంబర్ నుంచి వెనక్కి

తలదెబ్బ తర్వాత మళ్ళీ ఆడొచ్చని డాక్టర్ ఇచ్చే ఫిట్‌నెస్ కాగితం నిన్న సాయంత్రం చేతికొచ్చింది, కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

మాది ఆమదాలవలస పక్క ఊరు. కబడ్డీలో కూతకి వెళ్తాను. పోయిన నెల టోర్నీలో పట్టు పడి పడిపోయినప్పుడు ఎవరి మోకాలో తలకి గట్టిగా తగిలింది. లేచి ఎదుటి జట్టు వైపు నడిచానట. మా కోచ్ "ఏటవ్వలేదురా, నీళ్ళు తాగి రా" అని మళ్ళీ దింపారు. మెదడు తేరుకోకముందే రెండో దెబ్బ తగిలితే ప్రాణం మీదికి రావచ్చని ఆయనకి ఎవరూ చెప్పలేదు కాబోలు!

శ్రీకాకుళంలో స్కాన్ తీయించాం, నార్మల్ అన్నారు. అయినా తలనొప్పి తగ్గలేదు, ప్రాక్టీస్‌లో ఎదుటివాడి చెయ్యి మీదకొచ్చాకే కనిపిస్తోంది. మామయ్య విశాఖ తీసుకెళ్ళాడు.

అక్కడ పోయింది నా పరువు. డాక్టర్ గారు పది మాటలు చదివి తిరిగి చెప్పమన్నారు, నాలుగు చెప్పాను. తర్వాత డిసెంబర్ నుంచి నెలలు వెనక్కి చెప్పమన్నారు. ఇదేం పరీక్ష అని నవ్వుకుంటూ మొదలుపెట్టా. డిసెంబర్, నవంబర్, అక్టోబర్, ఆగస్టు... ఆగిపోయా. మళ్ళీ మొదలుపెడితే అక్టోబర్ తర్వాత నవంబర్ వచ్చింది. తలుపు దగ్గర వంతు కోసం నిలబడ్డ బడిపిల్లాడు మెల్లిగా "సెప్టెంబర్" అని అందించాడు. డిగ్రీ మూడో సంవత్సరం నేను! కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

రక్తస్రావం, ఎముక విరగడం స్కాన్‌లో కనిపిస్తాయి గానీ, కణాలు పనిచేసే తీరు దెబ్బతింటే కనిపించదన్నారాయన. లోపల లవణాలు అటూ ఇటూ అయిపోతే సర్దుకోడానికి మెదడుకి శక్తి సరిపోదట, అందుకే ఆ మందకొడితనం. నాకప్పుడు వెలిగింది. లైటు చూసి బటన్ నొక్కడానికే మామూలు మనిషికి దాదాపు 0.2 సెకను పడుతుంది, కూతలో అంత తీరిక ఎక్కడిది? 30 సెకన్లలో కూత ఆపకుండా, బోనస్ గీత మీద ఒక కన్నేసి, మూలన కాపు కాసే కార్నర్ వాడి భుజం కదలగానే వాడేం చేస్తాడో ముందే పసిగట్టాలి. నాకు పోయింది ఆ పసిగట్టడమే.

తర్వాత ఆటలోకి మెట్టు మెట్టుగా తిరిగి రావడం: నడక, పరుగు, ఒంటరి ప్రాక్టీస్. మెట్టుకి కనీసం ఒక రోజు, తలనొప్పి పెరిగితే ఆగి ఒక మెట్టు కిందికి. రేపటి నుంచి పట్టు ప్రాక్టీస్. తల తిరిగితే దాచకండి, జట్టులో చోటు పోతుందని నేను రెండు వారాలు దాచాను, గాడిదని.

ఇప్పుడు పన్నెండు నెలలూ తొమ్మిది సెకన్లలో వెనక్కి చెప్తున్నా. పొద్దున గ్రౌండ్‌లో "సార్, మీరు చెప్పండి" అన్నాను. కోచ్ జూలై దగ్గర ఆగి, "ఆటకీ దీనికీ సంబంధమేటిరా" అని విజిల్ ఊదేశారు.